మబ్బులో పోవాలి

ఆగండి, ఒక్క నిమిషం. మీరు కూడా ఆ కోనకి బ్యాగు సర్దుకుంటున్నట్టయితే ముందు ఇది వినండి.

గుత్తి దాటాక కొండల మధ్య ఓ కోన ఉంది. రెండు పక్కలా నిలువు రాయి, అడుగున ఎండిపోయిన వంక, అంటే వాన పడితేనే పారే ఏరు. ఐదు కిలోమీటర్ల నడక. మా ఆరుగురి గుంపులో దారి చూసి చెప్పే పని నాది. అన్నీ సర్దాను: నాలుగు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్, తాడు, విజిల్, టార్చి. ముందురోజు సాయంత్రం గొర్రెలు తోలుకొస్తున్న యేసన్నని అడిగాను కూడా.

"అన్నా, కోనలోకి ఎప్పుడు పోతే మంచిది?"

"మబ్బులోనే పోవల్లప్పా. మబ్బు ఇడిసిందంటే దిగొద్దు."

ఎంత బాగుంది! మబ్బు పడితే ఎండ తగలదు, నీళ్ళూ ఆదా. వెంటనే మా గ్రూపులో పెట్టేశాను: "ఊరివాళ్ళ సలహా. మబ్బు పట్టాకే బయల్దేరదాం. నేను ముందుంటా. దారి పొడిగా ఉంది."

మర్నాడు ఆరింటికి ఆకాశం నీలంగా మెరుస్తోంది. ఏడు, తొమ్మిది, పది. కాలు నిలవదు, టీకొట్టు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. పదకొండున్నరకి పడమటి కొండల మీద నల్లగా లేచింది. హమ్మయ్య! "మబ్బొచ్చింది, దిగుతున్నా" అని గౌతమికి మెసేజి కొట్టి పరుగు. మిగతావాళ్ళని తీసుకుని ఆమె నా వెనకాలే రావాలి.

రెండో మలుపు దగ్గర సిగ్నల్ పోయింది. ఇసుక పొడిగానే ఉంది, కానీ గాలి ఆగిపోయింది. ఎక్కడో ఉరుము. అంతలో పైనుంచి అరుపు.

"ఏమప్పా, తల ఉండాదా నీకు? ఇప్పుడా వచ్చేది?"

బండ అంచున యేసన్న.

"మబ్బులోనే పొమ్మన్నావు కదన్నా!" ఆకాశం చూపించాను.

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "అది మోడం రా నాయనా! మబ్బంటే చీకటి, తెల్లారకముందు చీకటి! పైకొండన వాన పడితే వంకొస్తాది. యాడ సదివినావు నువ్వు? ఎక్కు ముందు!"

"వెనకాల ఐదుగురు వస్తున్నారన్నా. నేనే రమ్మన్నా."

"నేను అరుస్తా వాళ్ళకి. ఎక్కు!"

బండ మీద బోర్లా పడుకుని చెయ్యి చాచాడు. ఎగువ మలుపు అవతల నీళ్ళలో రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. వంకలోనే వెనక్కి పరిగెత్తితే పది నిమిషాల్లో వాళ్ళని చేరతాను. విజిల్ మెడలోనే ఉంది.

నేను యేసన్న చెయ్యి పట్టుకున్నాను.

ఆయన అంచు వెంబడి ఉరికాడు, "వంకొస్తాండాది! పైకెక్కండి!" అంటూ. నేను విజిల్ ఊదుకుంటూ వెనక. ఐదుగురూ ఎక్కారు. అందరికన్నా చివర గౌతమి, అప్పటికే మోకాళ్ళ దాకా ఎర్రటి నీళ్ళు. ఒక బూటు పోయింది.

తిరుగు బస్సులో ఒక్కటే అడిగింది. "మేం కింద ఉన్నామని తెలిసీ ముందు నువ్వు పైకెక్కావా?"

యేసన్న కేక నా విజిల్ కన్నా దూరం పోతుందని చెప్పాను. నిజమే, పోయింది. కానీ ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నేను ఆ లెక్కేమీ వేయలేదు. గౌతమి కిటికీ వైపు తిరిగింది.

మీరైతే ఏం చేసేవారు?