లచ్చయ్య తిప్పని మెడ

నా కుడి చెంప గీయడం అయిపోయి, ఎడమ చెంప మీద ఇంకా నురగ ఉండగా కిష్టయ్య దుకాణంలోకి వచ్చాడు. రెండు అరచేతులతో తలను చెరో పక్కా పట్టుకుని, అంచుదాకా నీళ్ళున్న బిందె మోస్తున్నవాడిలా అడుగులు వేస్తున్నాడు. వెనక అతని భార్య వెంకటమ్మ.

ఫోరస్ రోడ్డులో లచ్చయ్య సెలూన్‌కు ఆదివారం మనుషులు జుట్టు కోసమే రారు. కటింగ్ అయ్యాక అతను గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి మెడను అటూ ఇటూ తిప్పి టక్కుమనిపిస్తాడు. వారమంతా ఇటుకలూ సిమెంటూ నెత్తిన మోసే, పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీలకు అది లేనిదే ఆదివారం గడవదు. మేముండే వరస గదుల చాల్‌లో ఎవరికి మెడ పట్టినా లచ్చయ్య దగ్గరికే పొమ్మంటారు. నేనూ ఎన్నోసార్లు తిప్పించుకున్నవాణ్ణే.

"ఏమైందిరా?" అన్నాడు లచ్చయ్య.

"నిన్న వర్లి సైట్ల లారీ మీదికెల్లి సిమెంట్ బస్తా ఇడిసిండ్రు. నేను సూసుకోలే. సీదా నడినెత్తిన వడ్డది. మెడ పట్టింది, జర తియ్యన్నా."

"బస్తాకేం గాలే గద?"

"బస్తా పలిగింది, నెత్తి పలగలే." కిష్టయ్య నవ్వబోయాడు. సగంలోనే ఆపేసి కళ్ళు మూసుకున్నాడు.

"రాత్రంతా పండలే. గోడకు ఒరిగి కూసున్నడు," అంది వెంకటమ్మ. "రేపు పనికి పోవాలె. జల్ది తియ్యి."

నన్ను అలాగే వదిలేసి, కిష్టయ్యను పక్క కుర్చీలో కూర్చోబెట్టి లచ్చయ్య అతని గడ్డం కింద, తల వెనక చేతులు వేశాడు. అప్పుడుగానీ కిష్టయ్య తన చేతులు తియ్యలేదు. ఒకటి తీశాడు. కాసేపు ఆగి రెండోది.

నేను మున్సిపల్ ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో గుమాస్తాగా రిటైరయ్యాను. పేర్లు రాసుకోవడం, ఫిల్ములు అందివ్వడం, అంతే నా పని. కానీ ఒకసారి ఒక హమాలీ ఇలాగే తల పట్టుకుని వరండాలోకి వస్తే, ఎన్నడూ పరుగెత్తని పెద్ద డాక్టరు పరుగెత్తడం చూశాను. ఆ హమాలీకి మెడలో ఎముక విరిగింది. ఇది అదేనా? ఉత్త పట్టే అయితే ఈ మనిషి పని పాడవుతుంది, చాల్ అంతా నన్ను చూసి నవ్వుతుంది.

"కిష్టయ్యా, తల ఎందుకు పట్టుకొని వచ్చినవ్?"

"ఇడిస్తే జారిపోయేటట్టున్నది ముత్తయ్య కాకా."

"లచ్చన్నా, తిప్పకు."

లచ్చయ్య అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏంది కాకా! మా బాపు కాలం సంది చేస్తున్నం. నా చేతుల ఎవ్వలికన్న ఏమన్న అయిందా?"

"కాలే. అయినా తిప్పకు. ఇడువను గూడ ఇడువకు. అట్లనే పట్టుకో. లోపల ఎముక ఇరిగిందేమో. నాకు తెల్వది. ఇరిగుంటే మాత్రం, నువ్వు తిప్పినంక కాళ్ళు చేతులు పడిపోతయి. ఊపిరి గూడ ఆగొచ్చు."

"ఎముక ఇరిగినోడు నడిసొస్తడా కాకా?" వెంకటమ్మ గొంతు పెంచింది. "ఉట్టిగ భయపెట్టకు!"

"నడిసొచ్చిండు గదా, ఆ నడక పోవద్దనే చెప్తున్న," అన్నాను.

లచ్చయ్య చేతులు కదల్లేదు.

అంబులెన్స్‌కు ఫోన్ చేసి, పైన మా గదికి వెళ్ళాను. నా భార్య రత్నాబాయి పోయాక ఆమె నూలు చీరలు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. రెండు తెచ్చి గట్టిగా చుట్టలు చుట్టాను. నేను వచ్చేసరికి లచ్చయ్య అలాగే నిలబడి ఉన్నాడు. ముక్కు మీద ఈగ వాలినా చెయ్యి తియ్యలేదు. నన్ను తిట్టిన వెంకటమ్మే ఆ ఈగను తోలి, కొంగుతో అతని నుదుటి చెమట తుడిచింది.

అంబులెన్స్ వాళ్ళు మెడకు గట్టి కాలర్ పెట్టి, కిష్టయ్యను మెల్లగా స్ట్రెచర్ పలక మీదికి చేర్చారు. చీర చుట్టలు తలకు చెరో పక్కా ఇరికించారు. "హాత్ మత్ ఛోడ్‌నా చాచా," అని, చేతులు వదలొద్దని లచ్చయ్యకు చెప్పారు. దుకాణం తెరిచే ఉంచి, వెంకటమ్మతో, నాతో పాటు లచ్చయ్య కూడా ఎక్కాడు. దారిలో ప్రతి గుంతకూ లచ్చయ్య కళ్ళు గట్టిగా మూసుకోవడం చూశాను.

ఆసుపత్రిలో స్కాన్ చూశాక డాక్టర్ రుతుజ మరాఠీలో చెప్పింది. నేను వెంకటమ్మకు తెలుగులో చెప్పాను. మెడలో తలను మోసే మొదటి పూస ఉంగరంలా ఉంటుంది. నడినెత్తిన బరువు పడితే అది పగిలి బయటికి విచ్చుకుంటుంది. కిష్టయ్యకు అలా విచ్చుకోవడంతో లోపల వెన్నుపాముకు చోటు మిగిలింది. అందుకే నడిచి వచ్చాడు. పూసల్ని పట్టి ఉంచే కట్టు ఒకటి లోపల ఉంటుంది. అది తెగకపోతే కాలర్‌తోనే కొన్ని నెలలకు ఎముక అతుక్కోవచ్చు. తెగితే తల చుట్టూ చట్రం బిగించాలి, లేదా ఆపరేషన్ చెయ్యాలి. రేపు ఇంకో స్కాన్ తీస్తేగానీ తెలియదు.

"మళ్ళ నెత్తిన మోస్తడా?" అంది వెంకటమ్మ.

నేను అడిగాను. డాక్టర్ కిష్టయ్యను కాలివేళ్ళు కదిలించమంది. కదిలాయి.

బయట బెంచీ మీద లచ్చయ్య రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ళు ఇంకా వంగే ఉన్నాయి.

"తిప్పుతుంటి కాకా," అన్నాడు. "నువ్వు అనకపోతే తిప్పేటోణ్ణే."

ఆ తర్వాత నా ముఖం చూశాడు. ఎడమ చెంప మీద నురగ ఎండి తెల్లగా అట్టకట్టింది. అలవాటుగా లేవబోయి, ఇంకా చక్కబడని తన వేళ్ళను చూసుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ఇయ్యాల వద్దు కాకా."

"తొందరేం లేదు లచ్చన్నా," అన్నాను.

వార్డులోంచి వెంకటమ్మ గొంతు వినబడుతోంది. "ఇంకొక్కసారి కదుపు. ఆ, గట్లనే. ఇప్పుడు ఎడమ కాలు."