నాలుగు పిస్టన్లకు నలుగురు పద్రీనోలు

మా ఆవిడ ఒతీలియాకు ఒక జబ్బు ఉంది. ఇంట్లో ఏ కార్యం తలపెట్టినా దానికొక పద్రీనోను, అంటే జ్ఞానతండ్రిని, వెతుకుతుంది. ఆ మాటకొస్తే మా క్వాతెపెక్ కొండ మీద అందరికీ ఉన్న జబ్బే అది. పిల్లకు బాప్తిస్మం ఇప్పిస్తే పద్రీనో కావాలి, సరే, చర్చి అడుగుతుంది. మా పెద్దమ్మాయి పదిహేనో పుట్టినరోజుకు కేకుకు ఒక పద్రీనో, బ్యాండుమేళానికి ఒక పద్రీనో, ఆఖరికి ఆ కేకు కోసే చాకుకు కూడా ఒకడు. ఎవరు ఏ వస్తువు ఇస్తే ఆ వస్తువుకు వాళ్ళు తండ్రిలాంటి వాళ్ళన్నమాట. ఆ రోజు నుంచి వాళ్ళు మనకు కొంపాద్రేలు, వరస కలిసిన చుట్టాలు. తోడబుట్టిన వాడితోనైనా తగువు పెట్టుకోవచ్చు గానీ కొంపాద్రేతో పెట్టుకోకూడదు.

అలాంటి ఇంట్లో నా వోచో ఇంజన్ బోరుకొచ్చింది.

ఈ కొండ మీద టాక్సీ అంటే వోచోనే. గుండ్రటి వీపు, వెనకాల ఇంజన్, చూడటానికి పేడపురుగులా ఉంటుంది. మా సందుల్లో మలుపులకు, ఏటవాలుకు వేరే బండి ఏదీ నిలబడదు. నాది మా నాన్న నడిపిన బండి, నంబరు కూడా ఆయనదే, ముప్ఫై ఒకటి. అది కొండెక్కేటప్పుడు వెనకాల నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. తర్వాత ఎక్కడమే మానేసింది. మెకానిక్ ఎవోదియో ఇంజన్ దించి విప్పి చూసి, నాలుగు పిస్టన్లూ అరిగిపోయాయి, సిలిండర్లతో సహా మార్చాల్సిందే అన్నాడు.

మా స్టాండుకు అధ్యక్షురాలు డోన్యా కాసిల్దా. ఆవిడ రూలు ఆవిడదే. ఇంజన్ దించిన బండి వచ్చే ఆదివారాల్లో ఏదో ఒక రోజు నలుగురు ప్రయాణికులను ఎక్కించుకుని, అంగడి దగ్గర బయలుదేరి మధ్యలో ఆగకుండా కొండమీది చర్చి వరకు ఎక్కి చూపించాలి. నెలాఖరు దాకా గడువు. ఎక్కలేదా, నంబరు వరుసలో ఉన్న వేరే వాడికి పోతుంది. మళ్ళీ నంబరు దొరకాలంటే ఎవడో ఒక డ్రైవరు చావాలి, మా డ్రైవర్లు అంత తొందరగా చావరు. ఆ నంబరు పోతే నేను ఏం చేసి బతకాలో నాకు నిజంగా తెలియదు. నాకు వచ్చింది ఈ కొండ ఎక్కడం, దిగడం, అంతే.

ఎవోదియో నాకు ఒక్కటే చెప్పాడు. చుట్టూ పది మంది ఉండగా, అందరికీ వినపడేలా చెప్పాడు.

"పిస్టన్లు సెట్టుగా కొను. ఒకే సైజు, ఒకే బరువు, ఒకే పెట్టెలోవి. కంపెనీ నుంచి ఏ సైజులో వచ్చిందో అదే. పెద్దవి వేస్తే పికప్ వస్తుందని ఎవడైనా అంటే వాడి మాట వినకు. ఊరి మధ్య సెంట్రోలో ఆ వంతెన కింద కుంటి రెముహియో కొట్టుంది, అక్కడ తప్ప ఇంకెక్కడా కొనకు."

ఇది విని నేను బుద్ధిమంతుడిలా తలాడించాను. మా ఆవిడ కూడా తలాడించింది. నేను సెట్టుకు డబ్బు ఎక్కడ పుట్టించాలా అని బుర్ర పట్టుకుని కూర్చుంటే, ఆమె శాలువా కప్పుకుని బయటికి వెళ్ళి, వచ్చేటప్పటికి నాలుగు పిస్టన్లకు నలుగురు పద్రీనోలను కుదుర్చుకు వచ్చింది. నాకు చెబితే అడ్డం పడతానని చెప్పలేదట. నిజమే, అడ్డం పడేవాడినే.

మరుసటి ఆదివారం చర్చికి వెళ్తే అక్కడ తెలిసింది నాకు. నలుగురూ ముందు వరుసలో నిలబడి ఉన్నారు. తలా ఒక చంటిపిల్లను ఎత్తుకున్నట్టు తెల్లటి జరీ గుడ్డలో చుట్టిన సిలిండరూ, అందులో పిస్టనూ. పాదరీ గారు నలభై ఏళ్ళుగా ఈ కొండ మీద ఉన్న మనిషి, దేనికీ ఆశ్చర్యపోడు. నాలుగింటి మీదా తీర్థం చల్లి, అమ్మాయా అబ్బాయా అని కూడా అడగకుండా దీవించి పంపించాడు.

అంతటితో తిరిగి కొట్లో ఇచ్చే దారి మూసుకుపోయింది. దీవించిన వస్తువును వాపసు చేసినవాడు మా పేటలో ఇంతవరకు లేడు.

గ్యారేజీలో గుడ్డలు విప్పినప్పుడు ఎవోదియో ముఖం చూడాల్సింది. నాలుగూ నాలుగు రకాలు. మాంసం కొట్టు డాన్ వుల్ఫ్రానో అన్నిటికంటే పెద్ద సైజు తెచ్చాడు. తన ఇంట్లో చిన్నది ఏదీ కొనరని, కొంటే పేటలో తన పరువేం కానని అన్నాడు. మా బావమరిది ఇసౌరోకు రేసుల పిచ్చి. వాడిది రేసు బండ్లకు వేసే పిస్టన్, తల మీద ఎర్ర రంగు నిప్పు బొమ్మ వాడే వేసుకున్నాడు. బ్యాండులో పెద్ద బాకా ఊదే డాన్ సెలెదోనియో అయితే కొట్టులో ఉన్న పిస్టన్లన్నిటినీ చెంచాతో కొట్టి చూసి, శ్రుతి సరిగ్గా పలికిన దాన్ని ఎంచుకున్నాడట. మిగతావన్నీ అపశ్రుతేనని ఆయన బాధపడ్డాడు.

నాలుగోది పొసోలే గంజి అమ్మే డోన్యా ఎర్మెలిందాది. అది చిన్నది, పాతది, జర్మనీ సరుకు. చనిపోయిన ఆమె భర్త బండిలోది. ఇన్నాళ్ళూ ఆయన ఫోటో పక్కన, మేరీమాత కింద, పువ్వులు పెట్టి ఉంచింది. దాన్ని గుడ్డతో సహా నా చేతిలో పెట్టి, ఆయన కూర్చుని కూర్చుని విసుగెత్తిపోయి ఉంటాడు, కాస్త పని చెప్పు నాయనా అంది.

ఎవోదియో నన్ను పక్కకు లాగాడు. ఒకటి చిన్న కాలు, ఒకటి పెద్ద కాలు, ఒకటి కొయ్యకాలు ఉన్న గుర్రాన్ని కొండెక్కించమంటున్నావు అన్నాడు. వెయ్యలేనని చెప్పేస్తాడనుకున్నాను. వోచోలో ఏ సిలిండరుకు ఆ సిలిండరు విడిగా ఉంటుంది కాబట్టి బిగించడానికి మాత్రం బిగుస్తాయట. అదే నా ఖర్మ. బిగవకపోతే ఎంత బాగుండేది.

బరువులు సమం చెయ్యడానికి పిస్టన్లను డాన్ వుల్ఫ్రానో కొట్లో మాంసం తూచే తక్కెడలోనే తూచారు. తేలికైనది ముసలావిడ మొగుడిది. మిగతా ముగ్గురివీ ఆయన బరువుకు దించాలి, అంటే లోపలి నుంచి గీకాలి. డాన్ వుల్ఫ్రానో ఒంటికాలి మీద లేచాడు. తనది గీకడమేమిటి, కావాలంటే చచ్చిన ఆయనదాని మీద కాస్త ఇత్తడి పోసి బరువు పెంచమన్నాడు. సెలెదోనియో తనదాన్ని గీకితే శ్రుతి దిగిపోతుందని ఏడుపు ముఖం పెట్టాడు. ఆఖరికి ఎవోదియో గీకేటప్పుడు ఆయన పక్కనే కూర్చుని, మధ్యమధ్యలో చెంచాతో కొట్టి వింటూ, ఇక చాలు ఇక చాలు అంటూ ఉన్నాడు. నేను గడప మీద కూర్చుని, పెళ్ళికి ముందు ఒతీలియా వాళ్ళ అమ్మ ఈ సంబంధం వద్దన్నప్పుడు నేనెందుకు పంతం పట్టానా అని ఆలోచించాను.

పరీక్ష రోజున నలుగురు ప్రయాణికులు కావాలి కదా. ఇంకెవరు? పద్రీనోలే. అంగడి దగ్గర డాన్ వుల్ఫ్రానో ముందు సీట్లో కూర్చోగానే బండి అటువైపు ఒరిగింది. మిగతా ముగ్గురూ వెనక, ఇంజనుకు వీపు ఆనించి, ఎవరి పిస్టన్ ఉన్న వైపు వాళ్ళు కూర్చున్నారు. ఇంజన్ స్టార్టయింది. దాని నడక నేనెప్పుడూ విననిది. మూడు దెబ్బలు గబగబా కొట్టి, నాలుగో దెబ్బకు ఆలోచించుకునేది.

మొదటి మలుపు ఎక్కింది. రెండో మలుపు దగ్గర దగ్గింది.

"అది నీదే," అన్నాడు ఇసౌరో, డాన్ వుల్ఫ్రానో మెడ వంక చూస్తూ.

"నాది దగ్గదు. దగ్గేది ముసలాయనది. బతికున్నప్పుడూ అలాగే దగ్గేవాడు."

డోన్యా ఎర్మెలిందా మూతి ముడుచుకుంది. సెలెదోనియో కళ్ళు మూసుకుని, తనది శ్రుతిలోనే ఉందని, ఎవరో తాళం తప్పుతున్నారని అన్నాడు. నేను స్టీరింగు పట్టుకుని, ఎవరైనా ఒకరు దిగితే ఎక్కుతుంది, దిగండి మహాప్రభో అన్నాను. ఎవరూ కదల్లేదు. ముందు దిగినవాడి పిస్టన్ పనికిరానిదని ఒప్పుకున్నట్టే కదా. అలా నలుగురూ గౌరవంగా కూర్చుని ఉండగా, మందులషాపు ఎదురుగా బండి ఆగిపోయింది. ఆగడమే కాదు, వెనక్కి జారింది. పై నుంచి డోన్యా కాసిల్దా చూస్తూనే ఉంది.

ఆవిడ దిగి వచ్చి, ఇంకొక్క ఆదివారమే మిగిలింది నాబోర్, అని మాత్రం అంది. ఆవిడ తిట్టినా బాగుండేది.

ఆ పూట నేను ఇంటికి వెళ్ళి మంచం మీద పడి ఏడ్చాను. దాచుకోవడానికేముంది, ఏడ్చాను. ఒతీలియా తలుపు దగ్గర నిలబడి, నలుగురూ ప్రేమతోనే ఇచ్చారు కదా అంది. ప్రేమతోనే ఇచ్చారు. నా కడుపు మండింది అందుకే. కోపంతో ఇచ్చి ఉంటే వాళ్ళ ముఖాన కొట్టేవాడిని.

ఎవోదియో ఇంజన్ మళ్ళీ దించాడు. ఇంకా విప్పలేదు. తప్పు ఎవరిదో విప్పితే తెలుస్తుందన్న మాట పేటంతా పాకింది.

తెల్లారగానే గ్యారేజీకి డాన్ వుల్ఫ్రానో వచ్చాడు. చేతిలో పేగులు చుట్టి ఇచ్చే కాగితం పొట్లం. అటూ ఇటూ చూసి, నీళ్ళు నమిలి, చివరికి ఎవోదియో చేతిలో పెట్టి నా వైపు తిరిగాడు. అంతటి మనిషి గొంతు తగ్గించి మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

"కొంపాద్రే, విప్పక్కర్లేదు. నాకు తెలుసు, నాదే. దీన్ని వేసి, పెద్దదాన్ని నా దగ్గరికి పంపించు. వాళ్ళకి మాత్రం చెప్పొద్దు."

పొట్లంలో మామూలు సైజు పిస్టన్, సిలిండరు. వంతెన కింద రెముహియో కొట్లోది. సెట్టు పెట్టె విప్పి ఒక్కటి అమ్మనని ఆయన గింజుకుంటే, ఈయన కదలకుండా గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడట.

ఆయన వెళ్ళిన కాసేపటికి ఇసౌరో గోడ దూకి వచ్చాడు. గుమ్మం తెరిచే ఉంది, అయినా దూకాడు. చొక్కా లోపల మామూలు సైజు పిస్టన్. నిప్పు బొమ్మ లేదు. మధ్యాహ్నం సెలెదోనియో తన బాకా సంచీ మోసుకొచ్చాడు. అందులో బాకా లేదు. కొట్టి చూశారా అని అడిగితే, లేదు, ఈసారి ఎవోదియో చెప్పింది విన్నాను అని తల దించుకున్నాడు.

డోన్యా ఎర్మెలిందా ఆఖరున వచ్చింది, రొట్టెల బుట్టలో గుడ్డ కింద దాచుకుని. కాసేపు స్టూలు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది.

"ఆయన జీవితంలో ఏ పనీ పూర్తిగా చెయ్యలేదు నాబోర్. అందరి ముందూ మళ్ళీ అదే చేశాడు. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళిపోతాను. వాళ్ళకి చెప్పకు, నవ్వుతారు."

ఆమె వెళ్ళాక ఎవోదియో నాలుగింటినీ బల్ల మీద వరసగా పెట్టాడు. ఒకే సైజు, ఒకే బరువు. రెముహియో విప్పిన పెట్టెలో నాలుగూ ఒక్క రోజు తిరక్కుండానే అమ్ముడైపోయాయి. తర్వాత పాతవి విప్పి చూస్తే ఏదీ విరగలేదు, ఏదీ పాడవలేదు. విడివిడిగా అన్నీ మంచివే.

చివరి ఆదివారం అదే నలుగురు ఎక్కారు. ఈసారి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. రెండో మలుపు దాటాం. మందులషాపు దాటాం. ఇంజన్ నలుగురు కలిసి పాడుతున్నట్టు ఒకే గొంతుతో లాగుతోంది. నిటారు సందులో బండి కాస్త బరువెక్కినప్పుడు డాన్ వుల్ఫ్రానో డోన్యా ఎర్మెలిందా వైపు తిరిగి, మీ ఆయన ఇవాళ బాగానే పని చేస్తున్నాడు వదినా అన్నాడు, ఎంతో దయగా. ఆమె కూడా అంతే దయగా, మీ పెద్దది కూడా ఏం తక్కువ కాదు అంది. చర్చి ముందు ఆపాను. డోన్యా కాసిల్దా పలక మీద నా నంబరు పక్కన సుద్దతో గీత గీసింది. నాకు దిగడానికి ధైర్యం చాల్లేదు.

అలా కూర్చుని ఉంటే కిటికీ దగ్గరికి ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, మిగతావాళ్ళు అటు తిరిగి ఉన్నప్పుడు చూసుకుని. నలుగురూ నా చెవిలో చెప్పింది ఒకటే.

"మిగతా మూడింటినీ లాక్కొచ్చింది నాదే. పాపం, వాళ్ళకి చెప్పకు కొంపాద్రే, బాధపడతారు."

చెప్పనని నలుగురికీ మాట ఇచ్చాను.