జనరల్ గారి చెంప మీద గీత

జనరల్ గారు టీలో బిస్కెట్ ముంచుకుని తింటూ యుద్ధం కబుర్లు చెప్పేవారు. నానిన తునకలు వచ్చి నా కాగితాల మీద పడేవి. తుడుచుకుని మళ్ళీ రాసుకునేదాన్ని. ఆయన జీవిత చరిత్ర రాసిపెట్టడం నా మొదటి ఉద్యోగం. మా వంశంలో డిగ్రీ చేతికందిన మొదటి మనిషిని నేనే. కాలేజీలో సీటు ఇప్పించిన సిఫారసు ఉత్తరం కూడా ఆయనదే. అందుకే మొదటి ఆరు అధ్యాయాలూ తల వంచుకుని రాశాను.

రోజూ ఎనిమిదింటికి మేం కూర్చునే ఆ గదిలోనే మా నాన్న ఆయనకు గడ్డం గీసేవాడు. నాన్న ఒకప్పుడు పటాలంలో బార్బరు. ఆ తర్వాత ఆయన ఇంటి బార్బరు. ముప్ఫై ఏళ్ళుగా ఒకటే మొహం.

ఏడో అధ్యాయం కొండ మీద దాడి. బడిపిల్లలకు కూడా తెలిసిన కథే. దాడి మొదలవుతుండగా సార్జెంట్ భయపడి వెనక్కి పరిగెత్తి తూటా తగిలి చచ్చాడు. అప్పుడు మేజర్‌గా ఉన్న ఈయన, చెంప చీల్చిన తూటాను కూడా లెక్కచేయక, జవాన్లను నడిపించి శిఖరం పట్టాడు. అందుకే పెద్ద పతకం వచ్చింది. చెంప మీద ఆ మచ్చ లేకుండా ఆయన బొమ్మ ఎక్కడా వేయరు.

నేను పుస్తకం రాస్తున్నానని తెలిసి సార్జెంట్ భార్య ఉత్తరం రాసింది. ఆవిడ బడి యూనిఫారాలు కుట్టి కొడుకుని పెంచుకుంది. "ఇన్నాళ్ళూ నోటిమాటగా విన్నాం, పడ్డాం. అచ్చులో పడితే నా మనవలు కూడా చదువుతారు. ఆయన పారిపోయాడని మాత్రం రాయకు తల్లీ" అని.

ఉత్తరం జనరల్ గారికి చదివి వినిపించాను. నాన్న అప్పుడే ఆయన గడ్డం ముగిస్తున్నాడు.

"ముప్ఫై ఏళ్ళయినా ఏడుపు ఆపలేదా అది?" అన్నారాయన. చెయ్యి చాచి ఉత్తరం తీసుకున్నారు. నాలుగు మడతలు పెట్టి, చెవి కింద మిగిలిన సబ్బు నురగ దాంతో తుడుచుకుని, ఉండ చుట్టి పళ్ళెంలో పడేశారు. "పిరికిపంద అనే రాయి. ఏరా, నువ్వు చూశావుగా?"

"చూశానయ్యా" అన్నాడు నాన్న.

జనరల్ గారి కళ్ళలోకి చూడలేక చెంప వైపు చూశాను. అంత దగ్గరగా, అంత వెలుగులో ఎప్పుడూ చూడలేదు. గీత దారం లాగినట్టు సన్నగా, నేరుగా ఉంది. దవడ కింద మొదలై పైకి పోయింది. నేను బార్బరు కూతురిని. వెంట్రుకకు ఎదురు గీసేటప్పుడు కత్తి ఎటు పోతుందో, మనిషి కదిలితే ఎక్కడ తెగుతుందో చిన్నప్పటి నుంచీ చూసిందే. తూటా అలా గీయదు.

బస్‌స్టాపులో అడిగాను. "నాన్నా, ఆ గీత నీ చేతిదేనా?"

నాన్న బస్సు వచ్చే దారి చూస్తూనే చెప్పాడు.

"దాడి ఐదున్నరకి. ఐదింటికి గడ్డం గియ్యమన్నాడు. గడ్డంతో శత్రువు ముందుకి పోకూడదని ఆయన పట్టుదల. ఎదురు గీస్తుంటే ఫిరంగి పేలింది. మనదేనమ్మా, మన ఫిరంగే! మనిషి కుర్చీలోంచి ఎగిరాడు. ఇంత రక్తం. మంచం ఎక్కినవాడు దాడి అయ్యేదాకా దిగలేదు."

"సార్జెంట్?"

"మూడుసార్లు డేరాకి వచ్చాడు, ఆర్డరు ఇవ్వండి సార్ అని. మూడోసారి నేనే చెప్పా, సారుకి దెబ్బ తగిలిందని. సరే తాతా, నువ్వు ఆయన్ని చూసుకో అన్నాడు. అప్పటికే నాకు జుట్టు నెరిసింది, తాతా అని ఆటపట్టించేవాడు. జవాన్లని తీసుకుని ఎక్కేశాడు. శిఖరం మీదే పోయాడు. మధ్యాహ్నం ఈయన కట్టు కట్టుకుని జీపులో వెళ్ళి ఫొటో దిగాడు."

"మరి వెనక్కి పరిగెత్తాడని పటాలం రిపోర్టులో సాక్షి సంతకం ఎవరిది?"

"నాదే. నువ్వు చదువుకున్నావు కదమ్మా" అన్నాడు.

ఆ మాటకు నాకు జనరల్ మీద కంటే మా నాన్న మీద ఎక్కువ రోత పుట్టింది. జనరల్ ఇప్పించిన ఆ సీటులో మూడేళ్ళు కూర్చున్న నా మీద కూడా. బస్సులో నాన్న పక్కన కూర్చోలేదు.

రాత్రికి రాత్రే ఏడో అధ్యాయం తిరగరాశాను. నాన్న చెప్పింది చెప్పినట్టే. పొద్దున జనరల్ గారి మొహం నిండా నురగ ఉండగా చదవడం మొదలుపెట్టాను. చివరిదాకా వింటారనుకోలేదు. విన్నారు.

"అమ్మాయ్, నీకు పిచ్చా?" అన్నారు తాపీగా. "ఏరా, నీ కూతురికి చెప్పు. ఎక్కడ తగిలింది నాకు?"

నాన్న కత్తి ఆపలేదు. రెండో చెంప పూర్తి చేశాడు. గడ్డం కింద చర్మం సాగదీసి అక్కడా గీశాడు. వేడినీళ్ళ తువ్వాలుతో అద్దాడు. ఒక్క వెంట్రుక మిగల్చలేదు. ఇంత జరుగుతుంటే ఈ సేవ ఏమిటని నాకు ఒళ్ళు మండింది.

అంతా అయ్యాక అన్నాడు: "కుర్చీలోనే తగిలిందయ్యా. నా చేతిలోనే."

జనరల్ గారు అద్దం తీసుకుని అటూ ఇటూ తిప్పి మొహం చూసుకున్నారు. "ముసలాడికి మతి పోయింది. రేపటినుంచి రానక్కర్లేదు. నువ్వూ అంతే అమ్మాయ్. రాసేవాళ్ళకేం కరువా?" అని బిస్కెట్ల డబ్బా అందుకున్నారు. ఆయన గొంతులో భయం వెతికాను. లేదు. ఆ తూటా తగిలిందని ఆయనే నమ్మేశాడు.

అటునుంచి అటే కుట్టుషాపుకి వెళ్ళాం. సార్జెంట్ భార్య కాలరు కుడుతోంది. నేను నోరు తెరవబోతే నాన్న ఆపి తనే మొత్తం చెప్పాడు. మిషను ఆగిపోయింది. పక్క మిషన్ల వాళ్ళు కూడా ఆపేశారు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"బావుందయ్యా. ఈ ముప్ఫై ఏళ్ళూ నీ నాలుక్కి ఏమైంది?"

ఆవిడ కాలరు మిషను మీంచి తీసి పక్కన పెట్టింది.

"నా కొడుకుని బడిలో ఏమని పిలిచేవాళ్ళో తెలుసా? నీ కూతుర్ని ఏమని పిలిచారు?" నా వైపు తిరిగింది. "చదువుకున్నదానివేగా. కాగితం తియ్యి."

తీశాను. నాన్న మళ్ళీ మొదటినుంచి చెప్పాడు, నేను రాశాను. పూర్తయ్యాక ఆవిడ చదివింది, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా.

"ఒకటి వదిలేశావు" అంది కాగితం నా ముందుకు తోసి. "మా ఆయన సంగతి రాశావు, ఆ దొర సంగతి రాశావు. మీ నాన్న ఎందుకు నోరు మూసుకున్నాడో, దాంతో మీకేం ముట్టిందో అది కూడా రాయి. అప్పుడు చేస్తాడు సంతకం."

నాన్న నా వైపు చూశాడు. నేను రాయడం మొదలుపెట్టాను: సాక్షి కుమార్తెనైన నేను, ఈ అబద్ధం మీద వచ్చిన సీటులో మూడు సంవత్సరాలు చదువుకున్నాను.