గుంపులో లేని మూడు

తీసేస్తే మూడే కదా, నలభై మూడు గెలాక్సీల గుంపులో మూడు, పిండి జల్లిస్తే మిగిలే పొట్టంత కూడా కాదు, అని నచ్చజెప్పుకుంటూనే ఆమె మళ్లీ ఆ కాగితం దగ్గరే ఆగిపోయింది, ఏడాది కింద పోయిన భర్త ఆస్పత్రిలో చేరే ముందు వారం దూరదర్శిని దగ్గర కూర్చుని కొలిచిన ఆఖరి మూడు గెలాక్సీల వేగాలు, పదకొండుకు తమ పరిశోధన నడిపించే పెద్దాయన గదిలో మీటింగు, పరిశోధన వ్యాసం ఇవాళే పంపాలి, ఇప్పుడు పది ఇరవై, కాదు, ఇరవై రెండు, ఈ కుర్చీ ఒకటి, కదిలితే చాలు కీచుమంటుంది, నిన్న పెద్దాయన ఈ కుర్చీ వెనకే నిలబడి, అమ్మా, ఈ మూడూ ఆ గుంపులోవి కావేమో, మనకూ దానికీ మధ్య దారిలో ఉండి ఫొటోలో కలిసిపోయాయేమో, ఉంచినా ఎవరూ అడగరు, నీ ఇష్టం అన్నాడు, నీ ఇష్టం అని ఆయన హాయిగా టీ తాగడానికి వెళ్లిపోయాడు, ఎవరి కొలత వాడితే వాళ్ల పేరే వ్యాసం మీద వేస్తారు, భర్త కొలిచినవి ఈ మూడే, ఇవి పోతే ఆయన పేరూ పోతుంది, పొద్దున వదిన ఫోను చేసి, మా తమ్ముడి పేరు అచ్చులో ఎప్పుడు చూపిస్తావు, అసలేం రాశారందులో అంది, గెలాక్సీలు తేనెటీగల్లా ముసిరి తిరుగుతున్నాయి వదినా, ఆ వేగానికి ఎప్పుడో చెదిరిపోవాలి, పోవడం లేదు, కనిపించే దానికి తొమ్మిది రెట్ల బరువుంటే గానీ వాటిని అలా పట్టి ఉంచడం కుదరదు, ఆ మిగతాది ఏమిటో ఎవరికీ కనపడదు అంటే, వదిన, మా కూరగాయలవాడు కనిపించేదే సరిగ్గా తూచడు, మీరు కనపడనిది తూస్తారా తల్లీ అంది, ఇద్దరూ నవ్వారు, నవ్వుతూ నవ్వుతూనే వదిన ముక్కు చీదింది, ఆవిడకేమని చెప్పాలి, నీ తమ్ముడి పేరు నేనే కొట్టేశాననా.

తీసి చూస్తే తప్పేముంది, చూడడమే కదా, మూడు వరుసలూ తీసి లెక్క మళ్లీ కట్టింది, తొమ్మిది రెట్లు కాస్తా ఆరైంది, ఇన్నాళ్లూ ఈ మూడింటి పరుగే కనపడని బరువును ఉబ్బించిందన్నమాట, గుంపు మాత్రం చెదరలేదు, ఆ ఆరు రెట్లు ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలియదు, కాగితం దగ్గరికి లాక్కుంది, మూడో అంకె పక్కన పెన్సిల్ గీతలు, ఏదో మాట, ఏడాదిగా ఈ కాగితాన్ని ఎన్నిసార్లు తడిమిందో, ఆయన చేతిరాత అని చూసుకుంది తప్ప ఏం రాశాడో చదివిందా, ఇప్పుడు చదివింది, అనుమానం, గుంపుకు ముందున్నవేమో, మళ్లీ చూడాలి, అంతే, ఆ నొప్పిలో కూడా ఆయన తన కొలతనే శంకించాడు, మళ్లీ చూడడానికి ఆయనకు వారం మిగల్లేదు, లేచింది, కుర్చీ కీచుమంది, పెద్దాయన తలుపు తీసేసరికి, మూడూ తీసేశానండీ, మా ఆయనే మళ్లీ చూడమని రాసిపెట్టాడు అంది, భర్త చివరి వారం వృథా పోకూడదనే కదా వాటిని ఇంతకాలం పట్టుకు వేలాడింది, అది వృథా పోలేదు, ఆయన తన పని ముగించే వెళ్లాడు, చదవడమే తను ఆలస్యం చేసింది.