గాలి లైటు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, ఆవిడ చేసే మొదటి పని కారుకి గాలి కొట్టడం. కాలితో తొక్కే పంపు మెట్ల కింద చీపుళ్ళ వెనక ఉంటుంది. దాన్ని తీసుకొచ్చి, ఏ టైరు నేలకి అణిగి ఉందో చూసి, గొట్టం బిగించి, ఓ చేత్తో గోడ పట్టుకుని తొక్కుతుంది. పాలు పొంగేలోపు ఎంత ఎక్కితే అంత. అప్పటికి స్నానాల గదిలో మాస్టారు గొంతు సవరించుకోవడం వినపడుతుంది. పంపు మళ్ళీ చీపుళ్ళ వెనక్కి వెళ్ళిపోతుంది.

ఏ టైరు తగ్గింది అన్నది ముందురోజు గొడవను బట్టి ఉంటుంది. ఎడమ చెంప మీద కొడితే ముందు ఎడమ టైరు, కుడి చెంప అయితే కుడిది. వీపు మీద గుద్దితే వెనకవి రెండూ. పెళ్ళయిన కొత్తలో దెబ్బలు ఆవిడకే తగిలేవి. కారు కొన్నాక కారుకి తగలడం మొదలైంది. మాస్టారి చెయ్యి చెంప మీద పడుతుంది, చప్పుడు వస్తుంది, బయట నిలబెట్టిన కారు బుస్సుమంటుంది. ఆవిడ చెంప కందదు, వాయదు.

వీధిలో అందరికీ తెలుసు. అందులో దాచుకునేందుకు ఏముంది? పక్కింటి పిన్నిగారైతే పైకే అనేది.

"నీకేం తల్లీ, అదృష్టవంతురాలివి. మా ఆయన కొడితే నాకే తగిలేది. మాకు కారెక్కడిది?"

ఆవిడ నవ్వి ఊరుకునేది. దెబ్బ తగలకపోతే పోనీ, చెయ్యి మీదికి వస్తున్నప్పుడు కళ్ళు మూసుకోవలసింది మాత్రం ఆవిడే. ఆ సంగతి ఏ టైరూ పంచుకోలేదు. ఇది చెబితే పిన్నిగారికి అర్థం కాదు, అర్థమైనా ఒప్పుకోదు.

ఇంతకీ గాలి కొట్టడం మాస్టారి మీద ప్రేమతో కాదు. ఆ కారులోనే రోజూ ఆయన కూతుర్ని కాలేజీలో దింపుతాడు. దారిలో ఎత్తైన వంతెన ఉంది, దాని మీద పాములాంటి మలుపు ఉంది. పిల్ల ముందు సీట్లో కూర్చుని, కిటికీ అద్దం దించి, జుట్టు ఎగరేసుకుంటూ పోతుంది. తన చెంపలోంచి పోయిన గాలి మీద తన కూతురు ఆ మలుపు తిరుగుతోందని తల్లికి తెలుసు. అందుకే తొక్కుతుంది.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, కారు నడపడం నేర్పే మాస్టారు. బయట బంగారం. పక్క సీట్లో కూర్చున్న వాడు క్లచ్చు వదిలేసినా "ఫరవాలేదు బాబూ, మళ్ళీ చేద్దాం" అంటాడు. ఆ బాబు మీద రావలసిన కోపమంతా జాగ్రత్తగా ఇంటికి మోసుకొస్తాడు. ఈమధ్య పక్క వీధిలో ఇంకో డ్రైవింగు స్కూలు పెట్టారు. నేర్చుకునేవాళ్ళు అటు మళ్ళారు. మాస్టారికి చెయ్యి ఊరకే లేవడం మొదలైంది. కూరలో ఉప్పు తగ్గిందని ఒకటి, తలుపు తీయడం ఆలస్యమైందని ఒకటి, ఏమీ అనకుండా నిలబడిందని ఇంకొకటి. ఆవిడ ఎంత తొక్కినా గాలి అందుకోలేకపోయింది. డాష్‌బోర్డు మీద గాలి తగ్గిందని చెప్పే పసుపుపచ్చ గుర్తు, అడుగు నలిగిన గిన్నెలాంటిది, వెలిగి కూర్చుంది.

మాస్టారు కారుని టైర్ల షాపుకి తీసుకెళ్ళాడు. షాపు నడిపేది గాలక్క. అసలు పేరు ఆవిడకే గుర్తుందో లేదో. గాలక్క గేజి పెట్టి నాలుగు టైర్లూ చూసింది. మేకు ఏమైనా దిగిందేమోనని రబ్బరు మీద అరచేత్తో తడిమింది. సబ్బు నీళ్ళు పోసింది, ఎక్కడా బుడగ రాలేదు. వాల్వు మీద ఉమ్మి రాసింది, అక్కడా లేదు. చక్రం ఊడదీసి నీళ్ళ తొట్లో ముంచి తిప్పింది. ఒక్క బుడగా తేలలేదు.

"కారడం లేదు మాస్టారూ. గాలి ఎక్కడికి పోతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో చెయ్యి ఆపండి, లైటు అదే ఆరిపోతుంది."

"నిన్ను టైరు చూడమన్నాను. నా ఇల్లు చూడమనలేదు."

"టైరు సంగతే చెబుతున్నానయ్యా. మీ ఆవిడ పొద్దున్నే పంపు తొక్కబట్టి ఈ మాత్రమైనా నడుస్తోంది. లేకపోతే ఈపాటికి..."

అని, మాస్టారి మొహం చూసి గాలక్క నాలిక కరుచుకుంది. పంపు సంగతి ఆయనకి తెలియదు. ఆ పంపు ఇచ్చింది తనే.

మాస్టారు గాలి కూడా కొట్టించుకోకుండా కారెక్కాడు. స్టీరింగు కింద చిన్న బటను ఉంటుంది. టైర్లలో సరిగ్గా గాలి నింపాక దాన్ని నొక్కి పట్టుకోవాలి. అప్పుడు ఉన్న గాలే సరైన గాలి అని కారు నేర్చుకుంటుంది. ఈ సంగతి మాస్టారు ఎంతమందికి నేర్పాడో లెక్కలేదు. అదే మాస్టారు, టైర్లు ఈసురోమని ఉండగా ఆ బటను నొక్కాడు. గుర్తు ఆరిపోయింది.

"బాగుపడింది" అన్నాడు గాలక్కతో, కిటికీలోంచి.

ఇంటికి పోయి నేరుగా మెట్ల కిందకి వెళ్ళాడు. చీపుళ్ళు ఒక్కొక్కటే విసిరి పారేశాడు. పంపు బయటికి లాగి, వంటింట్లోంచి కత్తి తెచ్చి గొట్టాన్ని ముక్కలు ముక్కలుగా కోశాడు.

"నా బండి మీద చెయ్యి వేస్తావా? వీధిలో నా పరువు తీస్తావా?"

జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. గోడకి సున్నం రాలింది. బయట కారు ఒక పక్కకి ఒరిగింది. మళ్ళీ కొట్టాడు, కాలితో తన్నాడు, చేతికి దొరికిన గరిటెతో బాదాడు. కారు కూలబడుతూనే ఉంది. కూతురు గది తలుపు వెనక రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. ఆవిడకి ఎక్కడా నొప్పి లేదు. పంపు పోయిందే, రేపు పొద్దున ఎలా అన్నదొక్కటే గుండెల్లో కొట్టుకుంటోంది.

పొద్దున్న మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కారెక్కాడు. గుర్తు వెలిగింది. బటను నొక్కాడు. ఆరిపోయింది. కూతురు సంచీ ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. తల్లి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి తలుపు తీసింది.

"దిగు."

"అమ్మా, కాలేజీకి టైమైంది."

"నడిచి పో. బస్సెక్కి పో. పోకపోయినా ఫరవాలేదు. ముందు దిగు."

దిగనివ్వకుండా మాస్టారు పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. తల్లి రెండో చెయ్యి పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. పిల్ల రోడ్డు మీద బోర్లా పడింది. మోకాలు చీరుకుని రక్తం కారింది. ఆ ఇంట్లో రక్తం కళ్ళబడి ఎన్నో ఏళ్ళయింది.

మాస్టారు కారు దిగి ఇటు వచ్చాడు. వీధంతా చూస్తుండగా భార్య చెంప ఛెళ్ళుమనిపించాడు. ముందు ఎడమ టైరు బుస్సుమని అణిగింది. మళ్ళీ కొట్టాడు. ఇంకా అణిగింది. పాలవాడు సైకిలు ఆపాడు. పిన్నిగారు గేటు దాకా వచ్చింది. మేడ మీది రిటైరు గుమాస్తా పేపరు దించి, ఆదుర్దాగా కేకేశాడు.

"మాస్టారూ, రిమ్ము నేలకి ఆనుతోంది, చూసుకోండి. పాడైపోతుంది."

ఆదుర్దా అంతా రిమ్ము గురించే. చెంప ఎర్రబడితే కదా చెంప గురించి అడగడానికి. వాళ్ళ మంచితనం అంతవరకే, అది ఎర్రబడినదాన్నే చూడగలదు.

మాస్టారికి ఆయాసం వచ్చి ఆగాడు. ఆవిడ ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"నన్నెంతైనా కొట్టండి. ఆ బండి మాత్రం తీయకండి. అందులో గాలి లేదు. వంతెన మీద తిరగబడుతుంది."

"లైటు వెలిగిందా? లేదు కదా. బండి గురించి నాకు చెబుతావా నువ్వు?"

తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయాడు. కారు కుంటుకుంటూ మలుపు తిరిగింది. ఆవిడ రోడ్డు మీదే కూర్చుని, కూతురి మోకాలికి అంటిన మట్టి ఊదుతూ ఉండిపోయింది.

వంతెన మీది మలుపులో ముందు ఎడమ టైరు రిమ్ము నుంచి ఊడి పక్కకి పోయింది. ఇనుము రోడ్డుని చీల్చుకుంటూ పోయి కారు గోడని గుద్దింది, పల్టీ కొట్టింది, మళ్ళీ గుద్దింది. అద్దాలు పిండి అయిపోయాయి. స్టీరింగు ఛాతీలోకి దిగి పక్కటెముకలు విరిగాయి, కుడి ముంజెయ్యి రెండుగా వంగింది. ముందు సీటు, పిల్ల కూర్చోవలసింది, వెనక సీటుకి అంటుకుపోయింది. మాస్టారిని తలుపు కోసి బయటికి తీశారు. ప్రాణం ఉంది. అరుస్తున్నాడు కూడా. అంత దెబ్బా పడ్డది ఆయనకే కదా.

ప్రమాదం ఎలా జరిగిందో చూడమని పోలీసులు కారుని గాలక్క షాపు వెనక పడేయించారు. ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆవిడని పిలిపించారు. పిలవకుండానే వీధి సగం వచ్చింది.

గాలక్క ఊడిపోయిన టైరుని గడ్డపార పెట్టి విప్పదీసింది. గాలి లేకుండా నడిపిన టైరు లోపల రబ్బరు అరిగి నల్లటి పొడి అవుతుంది. ఆ పొడి దోసిళ్ళ కొద్దీ రాలింది. గాలక్క గుడ్డతో లోపల తుడిచి, ఆ గుడ్డని చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

లోపలంతా అరచేతులు. ఒకదాని మీద ఒకటి, రబ్బరులోకి లోతుగా దిగబడి, ఐదు వేళ్ళూ విడివిడిగా. ఉంగరం ఉన్న వేలి దగ్గర గుండ్రంగా నొక్కుడు. మిగతా టైర్లు విప్పారు. వెనక వాటిలో పిడికిళ్ళు, చెప్పు మడమ, గరిటె కాడ. కుడి దాంట్లో మళ్ళీ అరచేతులే. పిన్నిగారు తొంగి చూసి పక్కకి పోయి గోడకి ఆనుకుంది. గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

ఇన్‌స్పెక్టరు తన చెయ్యి ఒక గుర్తు మీద ఆనించి చూశాడు. పట్టలేదు.

"ఇవి ఎవరివమ్మా?" అన్నాడు.

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని టైరు లోపలికి వంగింది. ఒక్కొక్క గుర్తునీ వేలితో తడిమింది. కొన్ని ఆవిడకి జ్ఞాపకం ఉన్నాయి. చాలా ఏళ్ళకి మొదటిసారి ఏడుపు వచ్చింది, అందరి ముందూ, గొంతెత్తి ఏడ్చింది. గాలక్క పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత ఆవిడ మొహం తుడుచుకుంది. చేతికి అంటిన నలుపు చెంప మీద మరకైంది.

"చేతులు ఆయనవి" అంది. "దెబ్బలు నావి."

నాలుగు టైర్లూ జీపులోకి ఎక్కించారు.

ఆసుపత్రిలో మాస్టారి చేతికి కట్టు విప్పిన రోజున ఇద్దరు పోలీసులు వార్డులోకి ఒక టైరు దొర్లించుకుంటూ వచ్చారు. డాక్టరు పక్కకి తప్పుకున్నాడు. ఒకడు టైరుని మంచం మీదికి వంచి పట్టుకున్నాడు. రెండోవాడు మాస్టారి చేతిని మెల్లగా, నొప్పి పుట్టకుండా తీసుకెళ్ళి లోపల ఆనించాడు. సరిగ్గా పట్టింది.