ఆరంగుళాల తూము

అయితే వేడి కాదన్నమాట, వేడే అయితే మొదట పరుగెత్తి తర్వాత చతికిలపడాలి, ఈ కొత్త డిస్కేమో మొదటి క్షణం నుంచీ పదిహేడు వందల దగ్గరే నిలబడింది, సెకనుకి ఏడు వేల మెగాబైట్లు అని డబ్బా మీద బంగారు అక్షరాలతో వేసుకున్నాడు, ఏడు వేలెక్కడ, పదిహేడు వందలెక్కడ, నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా, నేనేమో టేబుల్ ఫ్యాను తెచ్చి లాప్‌టాప్ మొహాన పెట్టాను, వరండాలోకి వెళ్తున్న మావయ్యగారు ఆగి, దానికీ ఉక్కపోతేనా అమ్మా కళ్యాణీ అన్నారు, ఆయ్ మావయ్యగారండీ, మనకంటే సుఖానికి అలవాటు పడిందండి అన్నాను, నవ్వుకుంటూ వెళ్లి పడక్కుర్చీలో కూర్చున్నారు, ఫ్యాను తిరుగుతోంది, కర్టెను ఎగురుతోంది, అంకె మాత్రం కదల్లేదు, కొత్త డిస్కు, అతి చిన్నది, బబుల్‌గమ్ ముక్కంత, ఇంత మొండితనం ఎక్కడ దాచుకుందో తెలియటం లేదు.

సాయంత్రంలోగా చెప్పాలి, జగ్గారావుగారు పొద్దున్నే ఫోను చేశారు, అమలాపురంలో స్టూడియో ఆయనది, పెళ్లి వీడియోలు ఆయన తీయించి పంపిస్తే ఇక్కడ పి.గన్నవరంలో ఇంట్లో కూర్చుని కోసి అతికించేది నేను, నీ చెయ్యి మంచిదమ్మా, అప్పగింతల దగ్గర నువ్వు కోసిన ముక్క చూసి పెళ్లికూతురి తల్లి మళ్లీ ఏడ్చింది, కానీ నెమ్మదమ్మా, రాజోలు పెళ్లి ఇంకా నీ దగ్గరే ఉండిపోయింది, శ్రావణమాసం మీదికొచ్చేసింది, చెయ్యగలవో లేదో సాయంత్రంలోగా చెప్పెయ్యి, లేదంటే పని మొత్తం వేరేవాళ్లకి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకు అన్నారు, అనుకోకుండా ఎలా ఉంటాను, నెమ్మది అన్న మాట పులస చేప ముల్లులా గొంతులో ఉండిపోయింది, అమ్మ కూడా అనేది, ఒసే నీ నెమ్మది మండా, నువ్వు జడ వేసుకునేలోపు బడి విడిచిపెట్టేస్తారే అని, అయితే నిజమే కాబోలు, ఈ పని కూడా పోతుంది కాబోలు, నాకంటూ నేను చేసేది ఈ ఒక్క పనే, దుర్గేష్ రొయ్యల చెరువు నుంచి వస్తూ లాప్‌టాప్‌కి ఈ డిస్కు బిగింపించి తెచ్చి, ఇంక నీ పని రాకెట్టేనే అన్నాడు, అందరి మొగుళ్లూ పెళ్లాలకి చీరలు తెస్తే మా ఆయన డిస్కు తెచ్చాడని చెల్లెలికి గొప్పగా ఫోటో కూడా పంపాను.

అయినా పదిహేడు వందలే ఎందుకు, పాడైన వస్తువైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ తడబడాలి కదా, ఇది తడబడటం లేదు, ఎవరో గీత గీసి ఇక్కడిదాకానే అన్నట్టు అక్కడికే వచ్చి ఆగుతోంది, గీసిందెవరో చూడాలి, లాప్‌టాప్ కడుపులో ఏముందో చూపించే ప్రోగ్రాం ఒకటి దింపుకుని తెరిచాను, డిస్కు పేరు, దాని పక్కన రెండు అంకెలు, లేన్లంటే డేటా నడిచే దారులట, నడవగలిగిన లేన్లు నాలుగు, నడుస్తున్న లేన్లు రెండు, ఆ రెండూ కూడా పాత తరానివి, దొరికావు అనుకుని, డిస్కు బిగించిన నాగసతీష్‌కి ఫోను చేశాను, అక్కా డిస్కు ఒరిజినలేనక్కా, మీ లాప్‌టాప్‌లో డిస్కు దూర్చే స్లాటుకే రెండు లేన్లిచ్చేరక్కా, దాంట్లో ఎంత గొప్ప డిస్కు పెట్టినా ఇంతేనక్కా, మరి ముందే చెప్పొచ్చు కదయ్యా, బావగారికి చెప్పేనక్కా, పర్లేదు, మా ఆవిడకి ఉన్నవాటిల్లో మంచిదే పెట్టెయ్ అన్నారక్కా, స్లాటు మార్చలేమా, అది బోర్డుతోపాటే పుడతాదక్కా, మార్చలేం అన్నాడు, నాకు కోపం రావాలి, రాలేదు, నవ్వొచ్చింది, ఎందుకంటే ఇది నేను ఇంతకుముందే ఎక్కడో చూశాను, లాప్‌టాప్‌లో కాదు, చేలో.

బోదె, మన బోదె, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మావయ్యగారు పొక్లెయిన్ పెట్టించి చేలోకి నీళ్లు తెచ్చే బోదెని రెండింతల వెడల్పు చేయించారు, ఈసారి చివరి మడి కూడా ఎండదమ్మా అని మీసం దువ్వుకున్నారు, కాలువ వదిలాక అందరం చూడ్డానికి వెళ్లాం, అదివరకు మోకాలి లోతున బిరబిరా పారిన నీళ్లు ఆ వెడల్పులో పరుచుకుని చీలమండ దాటలేదు, బాతులు ఈదకుండా నడిచి దాటాయి, నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను, ఇప్పుడు ఆ బాతులు నన్ను చూసి నవ్వాలి, లేచి వరండాలోకి వెళ్లాను, మావయ్యగారండీ, కాలవ గట్టులో మన తూము ఎంతుంటుందండి, ఆరంగుళాలమ్మా, మా నాన్నగారి కాలం నుంచీ అదే గొట్టం, బోదె తవ్వించేను గానీ దాని సంగతే మర్చిపోయేను, గోదారంతా గట్టవతలే ఉన్నా ఆ కంతలోంచే గదమ్మా రావాలి, అయినా ఇప్పుడెందుకూ అన్నారు, ఊరికేనండి అన్నాను, కానీ ఊరికే కాదు, ఏదో కదులుతోంది లోపల.

మాఘమాసంలో మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినప్పుడు ఒక్క మధ్యాహ్నం స్టూడియోకి వెళ్లి వాళ్ల పెద్ద మిషను ముందు కూర్చున్నాను, కాఫీ తెప్పించారు, అది తాగేలోపు ఇంట్లో పూటంతా పట్టే పని అయిపోయింది, చిన్న పెళ్లి కాబోలు అనుకున్నాను, చిన్న పెళ్లేమిటి నా మొహం, కొత్తపేట నుంచి బస్సుల్లో దిగారు జనం, వడ్డన ముక్కే ఎంత పొడుగుందో, అవే చేతులు, అదే నేను, మరి ఆ రోజు నెమ్మది ఎక్కడికి పోయింది, పెళ్లైన కొత్తలో మావయ్యగారే అన్నారు, మనింటి ఆడవాళ్లు బయట పనికి వెళ్లలేదమ్మా, నీకేం కావాలన్నా ఇంట్లోనే అమరుస్తాం అని, అమర్చారు కూడా, తిరిగే కుర్చీ, ఇన్వర్టరు, ఇప్పుడీ డిస్కు, ప్రేమగానే, నిజంగా ప్రేమగానే, బోదె తవ్విస్తూనే ఉన్నారు, నేనూ తవ్వించుకుంటూనే ఉన్నాను, మావయ్యగారండీ, ఈ పని ఇంట్లో తెమలదండి, ఈ లాప్‌టాప్‌కి ఎంత మంచి డిస్కు పెట్టినా దాని తూము చిన్నదండి, రేపట్నుంచి అమలాపురం వెళ్లి స్టూడియోలో కూర్చుని చేస్తానండి అన్నాను, అనేశాను, ఆయన కండువా తీసి దులిపారు, మళ్లీ భుజాన వేసుకున్నారు, కాలువ వైపు చూశారు, అయితే తూమే మార్చాలంటావు అన్నారు చివరికి, ఆయ్ అన్నాను, ఆయన నవ్వలేదు, వద్దనీ అనలేదు, తొమ్మిదింటి బస్సు రద్దీగా ఉంటుందమ్మా, ఎనిమిదిన్నరదెక్కు అని కళ్లు మూసుకున్నారు, నేను లోపలికొచ్చి ఫ్యాను కట్టేసి జగ్గారావుగారి నంబరు నొక్కాను, అవతల మోగుతోంది, నా వేళ్ల వైపు చూసుకున్నాను, ఏడాదిగా వీటినే తిట్టుకున్నాను, పాపం, నేను నెమ్మది కాదు.