పదకొండుసార్లు అమ్ముడుపోయిన ఆనపకాయ

రూపవతి ఆ పొలానికి మొదట వెళ్లింది గుర్రాల మీద ప్రేమతో కాదు, సర్టిఫికెట్ మీద ప్రేమతో. ఆ ఏడు నరసాపురంలో సగం ఊరు వచ్చి కెనడాలోని ఒంటారియోలో దిగిందా అన్నట్టుండేది. అందరి చేతుల్లోనూ ఒకే రకం రెజ్యూమే. మన దాంట్లో ఇంకేదైనా ఉండాలని, తను చదువుకునే, అక్కడి లండన్ అనే ఊరి బయట అడవి గుర్రాలను తెచ్చి సాకే ఈడిత్ అనే పెద్దావిడ దగ్గర శనివారాలు లద్దె ఎత్తడానికి వాలంటీరుగా చేరింది. సొంత ఇంట్లో తాగిన గ్లాసు కడిగిన పిల్ల కాదు మరి.

అక్కడ ఇరవై ఏడో నంబరు గుర్రం ఒకటుంది. పడమటి కొండల్లో పుట్టిన ఆడగుర్రం. మనిషి నీడ పడితే పొలం ఆ చివరకు పారిపోయేది. రూపవతి కంచె ఇవతల నిలబడి దానికి తెలుగులో కబుర్లు చెప్పేది: రూమ్మేట్ల గొడవలు, పార్ట్‌టైమ్ కష్టాలు, అమ్మకు ఫోన్లో చెప్పలేనివన్నీ. నాలుగు నెలలు విన్నాక అది వచ్చి ఆమె అరచేతిలోని ఆపిల్ ముక్క తీసుకుంది. ఆ రోజుతో సర్టిఫికెట్ సంగతి మరిచేపోయింది.

సెప్టెంబరులో ఈడిత్ చెప్పిన మాట పిడుగులాంటిది. వానలు లేక గడ్డి దొరకడం లేదు. ఇంకో రెండొందల కట్టలు సమకూరకపోతే ఒక గుర్రాన్ని సంతకు పంపక తప్పదు. ఎవరినీ ముట్టుకోనివ్వని ఇరవై ఏడును పెంచుకోవడానికి ఎవరూ రారు కాబట్టి, అదే వెళ్లాలి. సంతలో అలాంటివాటిని కొనేది మాంసంవాళ్లే. రూపవతికి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఉన్న ఆశల్లా అక్టోబరు మొదటి శనివారం ఈడిత్ పొలంలో జరిపే విరాళాల పండుగ. బల్ల మీద వస్తువులు పెట్టి, ఒక్కోదాని ముందు ఒక కాగితం పెడతారట. వచ్చినవాళ్లు తమ ధర చప్పుడు లేకుండా రాసిపోవాలట. నోరు విప్పకుండా వేలమేమిటో రూపవతికి అంతుపట్టలేదు. గంట దూరంలోని కిచెనర్ ఊళ్లో తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద అయిన సంతోషం గారికి ఫోన్ చేసింది.

"అంకుల్, మీరు రాకపోతే ఆ గుర్రం వెళ్లిపోద్దండి."

"ఏడవకమ్మా. ఏటా చర్చిలో చేసే మన కోతల పండగ ఈసారి అక్కడే చేసేద్దాం," అన్నారాయన.

ఆ శనివారం పొద్దున్నే జల్లు పట్టుకుంది. వచ్చినవాళ్లు పదిమంది లేరు, కాగితాలన్నీ తెల్లగానే ఉన్నాయి. పదకొండింటికి మూడు వ్యాన్లు దిగాయి. వాటిలోంచి పిల్లా జెల్లా, స్టూడెంట్లు, వాళ్లతోపాటు పెరటి ఆనపకాయ, గోంగూర కట్టలు, గంపెడు గుడ్లు. ఈడిత్ మొహం చూడాలి.

సంతోషం గారు బోర్లించిన బకెట్ ఎక్కి ఆనపకాయ ఎత్తి పట్టుకుని వేలం పాట మొదలుపెట్టారు. పక్క పొలం రైతు జేసన్ ఇరవై ఐదు డాలర్లకు దాన్ని దక్కించుకుని, తీసుకెళ్లి తన ట్రక్కులో పెట్టుకున్నాడు. సంఘంలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అందరి కళ్లూ ట్రక్కు మీదే. తనేం తప్పు చేశాడో తెలియక జేసన్ ఇంకా డబ్బివ్వాలా అని అడిగాడు.

రూపవతి సిగ్గుతో చచ్చిపోతూ వెళ్లి చెప్పింది. మా కోతల పండుగలో పాట దక్కినవాళ్లు కాయను ఇంటికి పట్టుకెళ్లరు, మళ్లీ పాటకే ఇచ్చేస్తారు. జేసన్ టోపీ కిందపడేంత నవ్వాడు. కాయ తెచ్చి ఇచ్చి, డాలర్లు అక్కర్లేదు, ఈసారి తన పాట ముప్పై గడ్డికట్టలన్నాడు.

ఇక చూడండి. పొరుగు రైతులకు ఫోన్లు వెళ్లాయి. ఒకడు పాతికంటే ఇంకొకడు నలభై. అద్దెగదుల్లో ఉండే కుర్రాళ్లకు గడ్డెక్కడిది? నలుగురు కలిసి, వచ్చే వేసవిలో రెండేసి రోజులు జేసన్ పొలంలో కట్టలు మోస్తామని పాడారు. అది ఇరవై కట్టల కింద లెక్కని జేసన్ ఒప్పుకున్నాడు. పదోసారి అమ్ముడుపోయేసరికి ఆనపకాయ సొట్టలు పడింది, లెక్క నూట తొంభైకి చేరింది.

అక్కడ ఆగిపోయింది. అందరి దగ్గరా ఉన్నది అయిపోయింది. సంతోషం గారు కాయ పట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే, వెనకనుంచి ఈడిత్ చెయ్యెత్తింది.

"ఆ పదీ నేను ఎలాగో సర్దుకుంటాను. నా పాట ఇది. ఇరవై ఏడు ఎక్కడికీ వెళ్లదు."

సంతోషం గారు ఒకటోసారి అన్నారు. రెండోసారీ అన్నారు. జనం ముందు ఏనాడూ గొంతెత్తి ఎరగని రూపవతి, ఎక్కడ ఎవరు పై పాట పాడతారోనని భయపడి, కళ్లు తుడుచుకుంటూ ఆ పొలమంతా వినబడేలా తనే మూడోసారి అని అరిచేసింది.